ఇడ్లీ పళ్లెంలో చీజు, బల్లమీద ఒక సీసా

మా అమ్మది నెల్లూరు జిల్లా. ఆవిడ తమ్ముడు, అంటే మా చిన్న మేనమామ, సారా తాగి తాగి నలభై ఏళ్లు నిండకుండానే పోయాడు. 1992లో ఆ జిల్లాలోనే దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారన్న వార్త పేపర్లో వస్తే, అమ్మ నాచేత రెండుసార్లు చదివించుకుంది. ఆ ఉద్యమం పెరిగి పెద్దదై ఆంధ్రప్రదేశ్‌లో 1993లో సారా నిషేధానికీ, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికీ దారితీసింది. 1997లో ప్రభుత్వం మద్యనిషేధాన్ని సడలించింది కాని, చెన్నైలోని మా ఇంట్లో మాత్రం అది సడలలేదు.

అలాంటి ఇంటికి పోయిన డిసెంబరులో పుణె నుంచి మా అమ్మాయి, అల్లుడు వచ్చారు. "నాన్నా, మేము ఎప్పుడైనా ఒక గ్లాసు వైను తాగుతాం. నీ దగ్గర దాచడం ఇష్టంలేక చెబుతున్నాను" అంది అమ్మాయి. ఏమాటకామాటే చెప్పుకోవాలి, దాచి ఉంటేనే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. తర్వాత మామయ్య గుర్తుకొచ్చాడు. ఆయన ఏనాడూ ఇంట్లో తాగలేదు. చీకట్లో, తిండి లేకుండా, ఎవరికంటా పడకుండా తాగాడు. మాకు తెలిసేసరికి ఆలస్యమైపోయింది.

అంచేత ఒక షరతు పెట్టాను. వాళ్ల పెళ్లిరోజు సాయంత్రం, అందరం కూర్చున్న బల్ల దగ్గర, తిండితోపాటు, ఒకే ఒక్క సీసా. అమ్మకు ముందే చెప్పాను. ఆ పూటంతా నాతో మాట్లాడలేదు.

మన రాష్ట్రంలో మద్యం చిల్లర అమ్మకం 2003 నుంచి ప్రభుత్వ సంస్థ తాస్మాక్‌దే. ముప్పై ఏళ్లు బ్యాంకు కౌంటర్లో కూర్చున్నవాడిని, వాళ్ల 'ఎలైట్' దుకాణంలో మా ఖాతాదారులెవరైనా తగులుతారేమోనని దొంగలా దిక్కులు చూశాను. నాసిక్ తెల్ల వైను ఒకటి తెచ్చాను.

జమాఖర్చుల లెక్క

నేను బి.కాం. చదివినవాణ్ణి. వైనుకు తిండి జతచేయడం నాకు డబుల్ ఎంట్రీ పద్ధతిలా కనిపించింది. ప్రతి ఖర్చుకూ ఎదురు జమ ఉండాలి. చీజులో కొవ్వూ ఉప్పూ ఎక్కువ, నాలుకకు అంటుకుంటుంది. తెల్ల వైనులోని పులుపు ఆ జిడ్డును కడిగేస్తుంది. మిరపకాయ బజ్జీలో ఉల్లిపాయ పెట్టి నిమ్మకాయ పిండుకుంటాం చూడండి, అదే సూత్రం. సీసా మీద సావిన్యోఁ బ్లాఁ, షెనిన్ బ్లాఁ అన్న ద్రాక్షరకాల పేర్లుంటే అవి ఇందుకు పనికొస్తాయి. ఎర్ర వైనులో నేరేడుపండు లాంటి వగరు ఉంటుంది. వగరూ, ఆల్కహాలూ కలిసి కారాన్ని రెచ్చగొడతాయి. మన కారప్పొడులతో ఎర్రది తగదు.

తెల్ల వైను బాగా చల్లగా ఉండాలి. ఎర్రది గది వేడిలో ఉంచాలని పుస్తకాల్లో రాస్తారు. అది చలిదేశపు గది, 16-18 డిగ్రీలు. మన చెన్నై గది కాదు సుమా!

శాకాహారులకు రెండు మాటలు. చీజు విరగడానికి వాడే రెన్నెట్ పూర్వం దూడ పొట్ట నుంచి తీసేవారు. ఇప్పుడు సూక్ష్మజీవుల నుంచి కూడా చేస్తున్నారు. పాకెట్ మీద పచ్చచుక్క చూసి కొనండి. కొన్ని వైన్లను తేటపరచడానికి గుడ్డు తెల్లసొన, చేపల నుంచి తీసిన పదార్థం వాడతారు. పట్టింపు ఉన్నవారు విచారించుకోవాలి.

చీజు ఇడ్లీలు

కావలసినవి: బ్రెడ్డు ముక్కలు 8, తురిమిన చీజు ఒక కప్పు, చిన్న ఉల్లిపాయ 1, సగం క్యాప్సికమ్, కరివేపాకు పొడి ఒక చెంచా, వెన్న కొద్దిగా.

చేసే విధానం: బ్రెడ్డు అంచులు తీసి చపాతీ కర్రతో పల్చగా ఒత్తండి. వెన్న రాసిన స్టీలు ఇడ్లీ పళ్లెం గుంటల్లో గిన్నెల్లా అమర్చండి. చీజులో సన్నగా తరిగిన కూరముక్కలు, పొడి కలిపి నింపండి. ముందే వేడిచేసిన ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర 12 నుంచి 15 నిమిషాలు ఉంచితే అంచులు ఎర్రబడి చీజు కరుగుతుంది. చీజుకు బదులు పనీరు వేయకండి. పులుపుతో విరిచిన పనీరు కరగదు.

"ఇడ్లీలు ఓవెన్లో పెట్టినారేందిరా!" అంది అమ్మ. ఆ పూటకు అదే ఆవిడ మొదటి మాట.

అసలు లెక్క

750 మి.లీ. సీసాలో 150 మి.లీ. గ్లాసులు అయిదు. 12 శాతం వైనైతే గ్లాసుకు 18 మి.లీ. ఆల్కహాలు. అంటే దాదాపు 42 మి.లీ. విస్కీలో ఉండేంత. 'ద్రాక్షరసమే కదా' అనే మాటకు ఈ లెక్కలో చోటు లేదు. ఎంత తక్కువైనా పూర్తిగా సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023లో స్పష్టం చేసింది. అలవాటు లేనివారు కొత్తగా మొదలుపెట్టనక్కరలేదు. మందులు వాడేవారు డాక్టరును అడగాలి. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివారికి చట్టమే ఒప్పుకోదు.

ఆ సాయంత్రం అమ్మకూ, షుగరు మందులు వేసుకునే నాకూ నల్లద్రాక్ష పిండి, నిమ్మరసం, సోడా కలిపి చల్లగా ఇచ్చింది మా ఆవిడ. నా గ్లాసులో సోడాయే ఎక్కువ. జిడ్డును కోసే పులుపు అందులోనూ ఉంది కనుక చీజుతో చక్కగా కుదిరింది. పిల్లలిద్దరూ చెరో గ్లాసు తాగి, మిగిలింది మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టారు. మూత పెట్టడం అమ్మ కళ్లార్పకుండా చూసింది.

చాలాసేపటికి మనవరాలితో అంది: "మా తమ్ముడు కూడా ఇట్లా మా ముందర కూర్చోనుంటే, ఇంక చాల్లేరా అని చెప్పేదాన్ని గదమ్మా."

తర్వాత ఇంకో చీజు ఇడ్లీ అడిగి వేయించుకుంది.