వార్తల్లో పదం: ట్రాన్స్‌కోడింగ్

కొన్ని ల్యాప్‌టాప్‌లలో హెచ్‌ఈవీసీ అనే వీడియో కుదింపు పద్ధతి సదుపాయాన్ని తయారీదారులు ఆపేశారన్న వార్తల వెంట వస్తున్న మాట ట్రాన్స్‌కోడింగ్. ఒక పద్ధతిలో కుదించిన వీడియోను విప్పి, మరో పద్ధతిలో మళ్లీ కుదించడమే ఇది. 2017 నుంచి ఐఫోన్లు మామూలుగా హెచ్‌ఈవీసీలోనే రికార్డు చేస్తున్నాయి. 2013 నాటి ఈ ప్రమాణంతో, అంతకుముందటి ప్రమాణంతో పోలిస్తే, ఫైలు దాదాపు సగమవుతుంది. 2003 నాటి హెచ్.264 వరకే తెలిసిన పాత టీవీలో మాత్రం ఇలా తీసిన పెళ్లి వీడియోకు మాట వినిపిస్తుంది, బొమ్మ రాదు. ఇంటి కంప్యూటర్లో జెల్లీఫిన్ లాంటి సర్వర్ ఉంటే, మనం చూస్తుండగానే ఫైలును మార్చి వైఫైలో టీవీకి అందిస్తుంది. ఆ పని ప్రాసెసర్‌కు భారమే.

అన్నిటినీ ముందే మార్చుకుంటే సరిపోదా అనవచ్చు. సరిపోతుంది, అసలు ఫైళ్లను చెరపనంతవరకే: ఇలా మార్చిన ప్రతిసారీ నాణ్యత కొంత పోతుంది, మళ్లీ రాదు. పైగా చాలాసార్లు ఆ అవసరమే ఉండదు. ఎంపీ4, ఎంకేవీ అనేవి పైడబ్బాలు. లోపలి వీడియో, ఆడియో టీవీకి తెలిసినవే అయితే డబ్బా మారిస్తే చాలు. నాణ్యత రవ్వంత కూడా తగ్గదు.