మూడు పోర్టళ్లు, రెండు పాస్‌వర్డులు

మిర్యాలగూడ మిల్లులో 25 కిలోల బ్రాండ్ బియ్యం సంచులు ఎత్తుకున్న లారీ హుజూర్‌నగర్, కోదాడ మీదుగా విజయవాడ దారి పట్టేలోపు కంప్యూటర్ ముందు చాలా పని జరగాలి. ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 2022 జులై 18 నుంచి 5 శాతం జీఎస్టీ కిందికి వచ్చింది. సరుకు విలువ 50 వేల రూపాయలు దాటితే ఈ-వే బిల్ తీయాలి. ఏడాది టర్నోవర్ 5 కోట్లు దాటిన వ్యాపారి తోటి వ్యాపారికి అమ్మే సరుకుకు 2023 ఆగస్టు నుంచి ఈ-ఇన్వాయిస్ కూడా తప్పనిసరి. నెల తిరిగేసరికి జీఎస్టీ పోర్టల్‌లో రిటర్న్ ఉండనే ఉంది.

అంటే సైట్లు మూడు. లాగిన్లు మాత్రం రెండు.

జీఎస్టీ పోర్టల్‌ను కట్టింది ఇన్ఫోసిస్. ఈ-వే బిల్, ఈ-ఇన్వాయిస్ సైట్లు ప్రభుత్వ సంస్థ ఎన్ఐసీవి. ఒక చేతి మీదుగా వచ్చిన ఆ రెండింటికీ ఒకే యూజర్ ఐడీ సరిపోతుంది. జీఎస్టీ పాస్‌వర్డ్ మాత్రం అక్కడ చెల్లదు. జీఎస్టీ నంబరు కొట్టి, రిజిస్టరైన ఫోన్‌కు వచ్చిన ఓటీపీ ఇచ్చి, కొత్త ఐడీ తయారు చేసుకోవాల్సిందే. ఈ-ఇన్వాయిస్ వివరాలు జీఎస్టీ పోర్టల్‌లోని అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1లోకి వాటంతట అవే వచ్చి పడుతున్నప్పుడు, అదే వ్యాపారి రెండోసారి తానెవరో కొత్తగా చెప్పుకోవాల్సి రావడం బాధాకరమే.

రెండు ఐడీలూ గుర్తుండక పాస్‌వర్డులు గోడ క్యాలెండర్ మీదికి, గుమాస్తా డైరీలోకి ఎక్కుతాయి. నిజానికి గుమాస్తాకు యజమాని పాస్‌వర్డ్ ఇవ్వాల్సిన అవసరమే లేదు. ఈ-వే బిల్ సైట్‌లో సబ్-యూజర్లను పెట్టుకునే వీలుంది. ఎవరు ఏ పని చేయాలో యజమానే నిర్ణయిస్తాడు. మనిషి పని మానేస్తే ఆ ఒక్క ఐడీని నిలిపేస్తే చాలు. 2025 ఏప్రిల్ 1 నుంచి అక్కడ లాగిన్‌కు అందరికీ ఓటీపీ తప్పనిసరి అయింది. సబ్-యూజర్ ఓటీపీ అతని సొంత ఫోన్‌కే వస్తుంది. చిన్న మిల్లుల వాళ్లు కూడా ఈ సదుపాయం వాడుకోవాలి.

వేర్వేరు సైట్లకు ఒకే లాగిన్ ఎందుకు అంత కష్టం? యూజర్ల పట్టికను ఒకచోటి నుంచి ఇంకోచోటికి కాపీ చేస్తే సరిపోదా అనిపిస్తుంది. కానీ సరిగ్గా కట్టిన ఏ సైటూ పాస్‌వర్డును ఉన్నదున్నట్టు దాచదు. వెనక్కి తిప్పలేని రూపంలోకి మార్చి దాస్తుంది. పీహెచ్‌పీ భాషలో రాసిన సైటు మార్చే తీరు ఒకటి, డాట్‌నెట్‌తో కట్టిన సైటుది మరొకటి. ఒకదాని పట్టిక రెండోదానికి అర్థం కాదు. పైగా లాగిన్ అయ్యాక బ్రౌజర్‌లో మిగిలే కుకీని బ్రౌజర్ ఆ సైటుకే చూపిస్తుంది. పేరు చివర ‘గవ్ డాట్ ఇన్’ ఉన్నంత మాత్రాన ఒక శాఖ కుకీ ఇంకో శాఖకు అందదు. అది మంచికే.

అందుకే పాస్‌వర్డును కాక, గుర్తింపును మాత్రమే పంచుకునే పద్ధతి వచ్చింది. సూర్యాపేట, కోదాడ డిగ్రీ విద్యార్థులకు ఇది తెలియకుండానే అలవాటైంది. చదువు క్రెడిట్లు దాచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఐడీ కోసం ఆ సైట్‌లో లాగిన్ నొక్కితే పేజీ ప్రభుత్వ పత్రాల ఖాతా అయిన డిజిలాకర్‌కు మారుతుంది. అడ్రస్ బార్‌లో పేరు మారడం కంటికి కనిపిస్తుంది. ఓటీపీ, పిన్ కొట్టేది అక్కడే. అనుమతి ఇచ్చాక పేజీ మళ్లీ మొదటి సైటుకు వస్తుంది. ఈ మధ్యలో డిజిలాకర్ నుంచి సంతకం చేసిన చీటీ లాంటి టోకెన్ ఒకటి వస్తుంది. ఫలానా వ్యక్తి, ఫలానా సైటు కోసం, ఫలానా సమయం దాకా అని అందులో ఉంటుంది. ఆ డిజిటల్ సంతకాన్ని జావా సైటైనా, పీహెచ్‌పీ సైటైనా సరిచూసుకోగలదు. పాస్‌వర్డు మాత్రం డిజిలాకర్ దాటి రాదు. 2005లో వచ్చిన శామ్ల్ 2.0, 2014లో వచ్చిన ఓపెన్ఐడీ కనెక్ట్ ఈ మాటామంతీకి ప్రపంచమంతా ఒప్పుకున్న నియమాలు. కేంద్రం 2022 జులైలో గాంధీనగర్‌లో ప్రారంభించిన ‘మేరీ పెహచాన్’ ఉద్దేశమూ ఇదే. డిజిలాకర్, ఈ-ప్రమాణ్, జన్ పరిచయ్‌లలో దేనితోనైనా దానికి కలిసిన సైట్లలోకి వెళ్లవచ్చు.

ఈ పద్ధతిలో ప్రమాదం లేకపోలేదు. 2018 సెప్టెంబర్‌లో బయటపడ్డ ఫేస్‌బుక్ లోపంలో సుమారు 3 కోట్ల మంది టోకెన్లు దొంగల పాలయ్యాయి. ఫేస్‌బుక్ లాగిన్‌తో నడిచే బయటి యాప్‌లలోకి వాళ్లు చొరబడిన ఆధారాలు దొరకలేదని ఆ సంస్థ చెప్పింది గానీ, ఒక్కచోట లోపం ఎంత దూరం పాకగలదో అప్పుడు అందరికీ అర్థమైంది.

నెట్ సెంటర్‌లో వచ్చే చిక్కు ఇంతకన్నా మామూలుది. విద్యార్థి పని ముగించి ఒక సైటులో లాగౌట్ కొట్టినా, దానికి గుర్తింపు ఇచ్చిన సైటు వెనకాల ఇంకా తెరిచే ఉండవచ్చు. ఆ కుర్చీలో తర్వాత కూర్చున్నవాళ్లు లాగిన్ నొక్కితే ఓటీపీ అడగకుండానే ముందటి మనిషి ఖాతా తెరుచుకునే అవకాశం ఉంటుంది. అందుకని డిజిలాకర్‌లోనూ విడిగా లాగౌట్ కావాలి. మొదటే ఇన్‌కాగ్నిటో విండోలో పని మొదలుపెట్టి, చివర్లో ఆ విండోలన్నీ మూసేస్తే ఇంకా మంచిది.