అంచుపట్టీ కింది తుప్పు

సముద్రతీర నగరాలలో లోహానికి ఆయుర్దాయం తక్కువ. ఇందుకు విశాఖపట్నం చక్కని ఉదాహరణ. 1933లో నౌకాశ్రయం ప్రారంభమైన ఈ నగరంలోనే 1948లో ‘జల ఉష’ నౌక జలప్రవేశం చేసింది. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అన్న నినాదంతో 1966లో సాగిన ఉద్యమ ఫలితంగా వెలసిన ఉక్కు కర్మాగారం 1992లో జాతికి అంకితమైంది. ఒక పక్క ఉక్కు తయారవుతూ ఉంటే, మరొక పక్క ఉప్పుగాలి కిటికీ ఊచలను, గేటు బందులను, వాహనాల అడుగురేకులను నిశ్శబ్దంగా తింటూ ఉంటుంది. ఈ తినడం ఎలా జరుగుతుందో తెలుసుకోవడానికి ఓడ దాకా పోనక్కరలేదు. ఒక పాత గోల్ఫ్ బండి చాలు.

గోల్ఫ్ మైదానంలో ఆటగాళ్లను, వారి కర్రల సంచులను మోయడానికి పుట్టిన చిన్న వాహనమిది. విశాఖలో ముడసర్లోవ ప్రాంతాన ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ ఉంది. అయితే ఆ ఆట తెలియనివారికి కూడా ఈ తరహా బండి కొత్త కాదు. జంతు ప్రదర్శనశాలలలో, పెద్ద రైల్వే స్టేషన్లలో వృద్ధులను, నడవలేనివారిని ఎక్కించుకొని చప్పుడు లేకుండా సాగిపోయే ‘బ్యాటరీ కారు’ దీనికి దగ్గరి బంధువే. దీని పైతొడుగు సాధారణంగా ఫైబరుతో గాని, ప్లాస్టిక్కుతో గాని ఉంటుంది. లోపలి చట్రం చాలా బండ్లలో ఉక్కుది, కొన్నింటిలో అల్యూమినియంది. తొడుగు పలకలు కలిసే చోట, అడుగుపలక అంచున, సీటు కింద సన్నని పట్టీలు బిగించి ఉంటాయి. మెకానిక్కులు వీటిని ‘బీడింగ్’ అంటారు. అల్యూమినియం పట్టీలను రివెట్లతో బిగిస్తారు. రబ్బరు పట్టీలను అంచుకు తొడుగుతారు, లేదా జిగురుతో అంటిస్తారు.

చూడగానే ఇవి కేవలం అలంకారాలనిపిస్తాయి. కావ్యంలో అలంకారాలు మెడలోని హారాల వంటివని మమ్మటుడు ‘కావ్యప్రకాశం’లో భావించాడు. హారం తీసివేసినా మనిషికి లోటు లేదు. బండి పట్టీ విషయంలో ఈ పోలిక సగమే చెల్లుతుంది. అది సందును మూస్తుంది, పదునైన అంచు కాలికి తగలకుండా కాపాడుతుంది, నీరు లోపలికి దిగకుండా అడ్డుపడుతుంది. చిక్కంతా ఆ చివరి పనిలోనే ఉంది. పట్టీ వదులైన నాటి నుండి నీటిని ఆపవలసినదే నీటిని దాచుకుంటుంది.

ఇనుము తుప్పు పట్టాలంటే నీరు, ప్రాణవాయువు రెండూ కావాలి. నీటిలో ఉప్పు కలిస్తే విద్యుత్తు సులువుగా ప్రవహిస్తుంది కనుక తుప్పు వేగం పుంజుకుంటుంది. బయట పడిన తేమ ఎండకు, గాలికి ఆరిపోతుంది. పట్టీ కింద చేరినది ఆరదు. పైగా ఆ ఇరుకు సందులోకి ప్రాణవాయువు సరిగా చేరదు. అది తక్కువగా అందే లోపలి లోహానికీ, ఎక్కువగా అందే బయటి లోహానికీ మధ్య ఒక విద్యుత్ ఘటం ఏర్పడి, లోపలి భాగం కరగడం మొదలవుతుంది. అందువల్లనే ఎదురుగా కనిపించే చోటు బాగుండి, కప్పిన చోటు చెడుతుంది. తుప్పు తాను పుట్టిన ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కొంతకాలానికి పట్టీని పైకి నెడుతుంది. పట్టీ ఉబ్బిందంటే కింద ఏం జరుగుతున్నదో ఊహించవచ్చు.

మన భాష ఈ విషయంలో ఎంత నిశితమైనదో చూడండి. ఇనుముకు పట్టేది తుప్పు, రాగి ఇత్తడులకు పట్టేది చిలుము. ఆయుర్వేదంలో ఇనుప తుప్పుకు మండూరమని పేరు. అల్యూమినియం మీద ఏర్పడే తెల్లని పొడికి మాత్రం మనవారు పేరు పెట్టలేదు. ఆ లోహం వాడుకలోకి వచ్చిందే ఆలస్యంగా కదా! రివెట్ల చుట్టూ ఆ తెల్లని పొడి కనిపిస్తే అక్కడ రెండు లోహాలు కలహించుకుంటున్నాయని అర్థం. ఉక్కు, అల్యూమినియం ఒకదానినొకటి తాకుతూ ఉప్పునీటిలో తడిస్తే అల్యూమినియం తాను కరుగుతుంది. ఈ గుణాన్నే మనిషి ఉపకారంగా మలచుకున్నాడు. 1824లో హంఫ్రీ డేవీ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఓడల అడుగున తాపిన రాగిరేకులకు జింకు, ఇనుప ముక్కలను జోడించి రాగి కరగకుండా ఆపగలిగాడు. చిత్రమేమిటంటే, కరగడం మానిన రాగి మీద సముద్రపు నత్తలు, నాచు పేరుకొని ఓడల వేగం తగ్గింది!  నేటికీ ఉక్కు ఓడల అడుగుభాగాన జింకు దిమ్మలు బిగించి, ఓడకు బదులు ఆ దిమ్మలు కరిగేలా చేస్తారు.

ఇక పట్టీ తీసే పనికి వద్దాం. ఇందులో తొందర పనికిరాదు. ముందుగా తాళం తీసి, బ్యాటరీల ప్రధాన తీగను విప్పాలి. పాత బండ్లలో సీటు కింద సీసపు బ్యాటరీలు వరుసగా ఉంటాయి. ఛార్జింగులో వాటి నుండి హైడ్రోజన్ వెలువడుతుంది కనుక అక్కడ నిప్పురవ్వ పుట్టకూడదు. పట్టీలకు కాగితపు టేపు మీద అంకెలు వేసి అంటించాలి. పాత నమూనాలకు కొత్త పట్టీలు దొరకకపోతే ఈ పాతవే కొలతకు ఆధారం. రివెట్‌ను ఉలితో కొడితే ఫైబరు పగులుతుంది. దాని కాడ మందమే ఉన్న డ్రిల్లు బిట్టుతో, ఉదాహరణకు 3/16 అంగుళం అంటే సుమారు 4.8 మిల్లీమీటర్ల బిట్టుతో, నెమ్మదిగా తొలిచి తలను మాత్రమే ఊడదీయాలి. జిగురుతో అంటించినదైతే జుట్టు ఆరబెట్టే యంత్రంతో గోరువెచ్చగా చేసి, ప్లాస్టిక్ పుట్టీబ్లేడును అంచున దూర్చాలి. పెయింటు థిన్నర్ జిగురుతోపాటు ప్లాస్టిక్కును కూడా తినగలదు. అందుచేత ఏ ద్రవాన్నైనా మొదట కనబడని మూలన పరీక్షించాలి.

పట్టీ ఊడిన తరువాత చేసే పరీక్షే అసలు పని. స్క్రూడ్రైవరు మొనతో చట్రాన్ని నొక్కి చూడాలి. పైపొర రాలి గట్టి లోహం తగిలితే గరుకు కాగితంతో రుద్ది, ప్రైమర్ పూసి ముందుకు సాగవచ్చు. మొన లోపలికి దిగితే అక్కడితో ఆగాలి. వెనుక సీటు పట్టుకొమ్మి బిగించేది ఆ చట్రానికే; దానిని పట్టుకొని కూర్చునేది ఏ వృద్ధురాలో, పసిబిడ్డ తల్లో. ఆ బండికి కావలసింది వెల్డింగు, కొత్త పట్టీ కాదు. కుళ్లిన రేకు మీద మెరిసే పట్టీ బిగించి పంపడం నా దృష్టిలో మోసమే.

చట్రం బాగున్నప్పుడు పట్టీని మార్చాలా, పూర్తిగా తీసివేయాలా అన్న ప్రశ్న మిగులుతుంది. తీసివేస్తే పాత రంధ్రాలు పూడ్చాలి, సందు మూయాలి, పదును అంచు అరగదీయాలి. ఎండకు వెలిసిన తొడుగు మీద పట్టీ ఉన్న మేర కొత్త రంగు చారగా మిగిలి, రంగు వేయించే దాకా వెక్కిరిస్తుంది. అందువల్ల సందుల మీది పట్టీలను మార్చడం, ఉత్త సొగసు కోసం అంటించిన వాటిని తీసివేయడం మేలు. కొత్త పట్టీకి అల్యూమినియం రివెట్లే వాడాలి. పట్టీకీ ఉక్కుకూ నడుమ పలుచని రబ్బరు ఉంచాలి. నీరు జారిపోయేందుకు పట్టీ దిగువ కొసను మూయకుండా వదలాలి. జిగురు ఆరిన మరునాడు చెంబుడు మంచినీళ్లు పట్టీ మీద పోసి, బండి కిందకు వంగి చూడాలి. నీరు ఆ కొస నుండి మాత్రమే కారితే బ్యాటరీ తీగను తిరిగి బిగించవచ్చు.