కెర్నెల్ అప్పగింతలు

ఇంట్లో బల్ల మీది కంప్యూటరును ఆపి మళ్ళీ ప్రారంభించడం ఒక నిమిషం పని. టెరాబైట్ల కొద్దీ మెమరీ గల పెద్ద సర్వరు విషయం అలా కాదు. విద్యుత్తు తగలగానే ముందుగా మేల్కొనేది ఫర్మ్‌వేరు. అది మెమరీ పలకలను పరీక్షించి, డిస్కులను, నెట్‌వర్కు కార్డులను పలకరించి, అటుపిమ్మట గాని కెర్నెల్‌ను పిలవదు. ఈ తతంగానికి అనేక నిమిషాలు పట్టవచ్చు. అంతసేపూ ఎవరి బ్యాంకు లావాదేవీయో, ఎవరి విమాన టిక్కెట్టో నిలిచిపోయి ఉంటుంది. ప్రవాసాంధ్రుల ఇళ్ళలో అర్ధరాత్రి ఫోను మోగడం, ఇంటాయనో ఇల్లాలో కళ్ళు నులుముకుంటూ తెర ముందు కూర్చోవడం వెనుక ఉన్న కథలలో ఇదొకటి.

ఈ ఆలస్యాన్ని తప్పించే ఉపాయం 'కెక్సెక్'. ఎరిక్ బీడర్మన్ ప్రధానంగా రూపొందించిన ఈ ఏర్పాటు 2005లో వెలువడిన లినక్స్ 2.6.13లో చేరింది. నడుస్తున్న కెర్నెల్ తన వారసుణ్ణి ముందుగానే మెమరీలోకి తెచ్చి ఉంచుకొని, సమయం రాగానే ఫర్మ్‌వేరు గడప తొక్కకుండా నేరుగా పగ్గాలు అప్పగిస్తుంది.

చిక్కంతా ఆ అప్పగింతలలోనే ఉన్నది. కొత్తగా లేచిన కెర్నెల్‌కు మెమరీ ఎక్కడి నుండి ఎక్కడి వరకు ఉన్నదో తెలియదు. మామూలు ప్రారంభంలో ఆ పటాన్ని ఫర్మ్‌వేరు అందిస్తుంది. కెక్సెక్‌లో ఫర్మ్‌వేరు ప్రసక్తి లేదు గనుక, పాత కెర్నెల్ వైపు నుండే అది రావాలి. పాత కరణం కొత్త కరణానికి అడంగలు అప్పగించినట్లన్నమాట. (ఆంధ్రప్రదేశ్‌లో కరణాల వ్యవస్థ 1984లో రద్దయినా ఉపమానానికి ఇంకా పనికివస్తూనే ఉంది!)

మెమరీ స్థిరాస్తి అయినంత కాలం ఇందులో ఇబ్బంది లేదు. కాని నేటి యంత్రాలలో, ముఖ్యంగా ఒకే సర్వరులో పదులకొద్దీ నడిచే మిథ్యాయంత్రాలలో, మెమరీని నడుస్తుండగానే చేర్చవచ్చు, తీసివేయవచ్చు. తీసివేయాలంటే ఆ ముక్కలోని సమాచారాన్ని వేరొక చోటికి తరలించగలగాలి. కెర్నెల్ తన సొంత అవసరాలకు వ్రాసుకున్న దస్తరాలలో అధికభాగం అలా కదలవు.

ఇప్పుడు పాత కెర్నెల్ ఈ ఎరువు మెమరీని కూడా సొంత భూమిగా అడంగలులో ఎక్కించి ఇచ్చిందనుకుందాం. కొత్త కెర్నెల్ నమ్మి, కదలని దస్తరాలను అక్కడే పేరుస్తుంది. కౌలు పొలంలో ఇల్లు కట్టుకున్నట్లే! అసలు యజమాని తిరిగి అడిగిననాడు ఇవ్వడానికి వీలుండదు. 2020లో లినక్స్ 5.8తో వచ్చిన 'వర్టియో-మెమ్' విధానంలో చిక్కు మరింత పెద్దది. ఆ పరికరం అధీనంలోని ప్రాంతంలో కొన్ని ముక్కలే నిజంగా ఉంటాయి, తక్కినవి శూన్యం. ఏది ఉన్నదో ఏది లేదో పరికరాన్ని అడిగి తెలుసుకోవలసిందే. అందువల్ల అదే 5.8లో ఇటువంటి మెమరీకి వేరే ముద్ర వేశారు. ఆ ముద్ర ఉన్నచోట కెక్సెక్ తన వారసుణ్ణి కూర్చోబెట్టదు, పటంలోనూ చూపదు. కొత్త కెర్నెల్‌లోని డ్రైవరు లేచి, విచారించి, తానే చేర్చుకుంటుంది. ఇక్కడ అడంగలులో వ్రాయకపోవడమే సరైన అప్పగింత.

ఇంతకన్నా గంభీరమైనది 'కెడంప్' సమస్య. కెర్నెల్ హఠాత్తుగా కుప్పకూలితే, ముందే కేటాయించిన మూలలో దాగి ఉన్న మరొక చిన్న కెర్నెల్ మేల్కొని, చనిపోయినదాని మెమరీని యథాతథంగా భద్రపరుస్తుంది. శవపరీక్షకు అదే ఆధారం. ఎక్కడెక్కడ మెమరీ ఉన్నదో తెలిపే జాబితా దానికి ముందుగానే తయారై ఉంటుంది. ఆ తరువాత చేరిన మెమరీ జాబితాలో లేకపోతే, మరణకారణం సరిగా అక్కడే ఉన్నా ఎవరికీ కనబడదు. తీసివేసిన మెమరీ జాబితాలో మిగిలిపోతే, లేనిచోట వెదకడానికి పోయి శవపరీక్షే చెడవచ్చు.

పూర్వం మార్పు జరిగిన ప్రతిసారీ ఆ చిన్న కెర్నెల్‌ను మొత్తంగా దింపి మళ్ళీ ఎక్కించేవారు. మెమరీని 128 మెగాబైట్ల ముక్కలుగా చేర్చే యంత్రంలో ఒక టెరాబైటు అంటే 8192 ముక్కలు. అన్నిసార్లు దింపుతూ ఎక్కిస్తూ ఉంటే, సరిగ్గా ఆ నడుమ సందులోనే యంత్రం కూలితే సాక్ష్యం మిగలదు. 2023లో వచ్చిన లినక్స్ 6.6 నుండి ఎక్స్86 యంత్రాలలో కెర్నెల్ ఆ జాబితాను మాత్రమే ఉన్నచోటనే దిద్దుకుంటున్నది. చిన్న కెర్నెల్ తన మూలలో కదలకుండా కాపలా ఉంటున్నది.