చక్రం పైన మెరుపు పట్టీ

పాత మోటారు కారును ఎప్పుడైనా దగ్గరగా చూశారా? చక్రం కనబడేందుకు రేకును విల్లులా వంపుగా కోసి ఉంచుతారు. కొన్ని కార్లకు ఆ వంపు వెంబడి తళతళలాడే సన్నని లోహపు పట్టీ ఉంటుంది. చీరకు జరీ అంచు లాంటిదన్నమాట!

అమెరికాలో 1964లో పాంటియాక్ జి.టి.ఓ. అనే కారు వచ్చింది. మధ్యరకం కారులో 325 అశ్వశక్తి గల పెద్ద ఇంజను పెట్టారు. ఇటువంటి వాటిని అక్కడ ‘మజిల్ కార్లు’, అంటే కండబలం గల కార్లు అన్నారు. నేటికీ వాటిని ముచ్చటపడి బాగు చేసుకొనేవారు చాలామంది ఉన్నారు. ఇంజను విప్పి బిగించడంతో పోలిస్తే పట్టీ బిగించడం చిన్న పనే. కాని ఆ పట్టీ చాటున పుట్టే తుప్పు మాత్రం చిన్నది కాదు.

చలిదేశాలలో మంచు కరగడానికి రోడ్లమీద ఉప్పు చల్లుతారు. ఉప్పునీరు, బురద చక్రం నుంచి ఎగిరి పట్టీకీ రేకుకీ మధ్య సందులో చేరతాయి. అక్కడికి గాలి సరిగా ఆడదు. గాలి ఆడకపోతే తుప్పు పట్టదనుకుంటున్నారా? ఇక్కడే ఉంది తమాషా!

ఒక ఇనుప ముక్కను గరుకు కాగితంతో తళతళలాడేట్లు రుద్ది, దానిమీద ఒక ఉప్పునీటి చుక్క వేయండి. కొన్ని గంటల తర్వాత చూస్తే తుప్పు వలయంలా కనిపిస్తుంది. తుడిచి భూతద్దంతో చూడండి. చుక్క అంచున ఇనుము బాగానే ఉంటుంది, నడిమి భాగమే తినివేయబడి ఉంటుంది. కేంబ్రిడ్జిలో పనిచేసిన ఎవాన్స్ అనే శాస్త్రజ్ఞుడు ఈ ప్రయోగంతో పేరు పొందాడు. చుక్క అంచుకు ఆక్సిజన్ పుష్కలంగా అందుతుంది, నడుమకు అందదు. ఆక్సిజన్ తక్కువైన చోట ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి నీటిలో కరుగుతుంది. ఆ ఎలక్ట్రాన్లు ఆక్సిజన్ ఎక్కువున్న చోటికి పోతాయి. చిన్న బ్యాటరీయే కదా! పట్టీ కింది సందు ఆ చుక్క నడుమ లాంటిది.

దీనికి తోడు రెండు వేర్వేరు లోహాలు ఉప్పునీటిలో తగిలితే మరొక బ్యాటరీ తయారవుతుంది. పట్టీ స్టెయిన్‌లెస్ స్టీలుదైతే కారు రేకు త్వరగా చెడుతుంది. అల్యూమినియందైతే ఎక్కువగా పట్టీకే గుంటలు పడతాయి.

అందుచేత తెలిసిన పనివాడు రంగు వేయకముందే పట్టీని పెట్టి చూసి, స్క్రూలకు బెజ్జాలు వేస్తాడు. బెజ్జం అంచుల గరుకును ఆకురాయితో తీసి, లోపలి అంచులకు కూడా రంగు పూస్తాడు. రంగు వేశాక బెజ్జం వేస్తే అక్కడ ఇనుము బట్టబయలవుతుంది. తొందరపడేవారు చేసే తప్పు ఇదే. రంగు బాగా ఆరాక రేకు అంచుకు మైనం పూసి గాని, పలుచని టేపు అంటించి గాని పట్టీని పెడతాడు.

మొదటి స్క్రూ వంపు నడినెత్తిన వేయాలి. అక్కడినుంచి రెండు పక్కలకూ వదులుగా స్క్రూలు వేస్తూ దిగి, పట్టీ అంతటా ఒదిగాక బిగించాలి. రెండు కొసలూ ముందే బిగిస్తే నడుమ ఉబ్బుతుంది. అతిగా బిగిస్తే పలుచని పట్టీ సొట్టపోతుంది. కింది కొసలను మాత్రం మూసివేయకూడదు, చేరిన నీరు దిగిపోవాలి. చివరగా స్టీరింగును ఇటు చివరికీ అటు చివరికీ తిప్పి, టైరు ఏ స్క్రూకూ రాసుకోవడం లేదని చూసుకున్నాకే కారును బయటికి తీస్తారు.