నకలు గడియారం – క్రయవిక్రయ ధర్మం

మెదక్ జిల్లాలో రామాయంపేటకు చేరువనున్న నిజాంపేట వంటి ఊళ్ళలో, పెండ్లి ఏ మతస్థులదైనా, వరుని చేతికి గడియారం పెట్టడం చాలాకాలంగా వస్తున్న వాడుక. ఒకప్పుడు అది చాలావరకు హెచ్.ఎం.టి. కంపెనీ గడియారమే అయి ఉండేది. పెండ్లికూతురు తండ్రి హైదరాబాదు వెళ్ళి, ఆబిడ్స్‌లోనో సికింద్రాబాదులోనో దుకాణదారు ఎదుట కూర్చుని, గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకొని చప్పుడు విని, రసీదు, గ్యారంటీ కాగితం తీసుకొని తిరిగి వచ్చేవాడు. ఇప్పుడు ఆ ప్రయాణం అవసరం లేదు. మొబైల్ ఫోన్‌లో బొమ్మ కనబడుతుంది, ధర కనబడుతుంది, నాలుగు రోజుల్లో పార్సిల్ ఇంటికి వస్తుంది.

ఒక తండ్రిని ఊహించుకుందాం. లక్షలు పలికే రోలెక్స్ గడియారం బొమ్మ, దాని కింద రెండున్నర వేల రూపాయల ధర అతని కంటబడతాయి. అమ్మేవాడు ఏమీ దాచలేదు. “ఇది అసలు కాదు, ఫస్ట్ కాపీ” అని ముందే చెప్పాడు. కొనేవాడికీ ఆ సంగతి తెలుసు. ఇద్దరి మధ్య అబద్ధం లేదు, బలవంతం లేదు. మరి ఈ బేరంలో ధర్మశాస్త్రానికి అభ్యంతరం ఏముంటుంది? ఇటువంటి వస్తువులు కొనేవారు తరచుగా చెప్పుకునే సమర్థన ఇదే. దీన్ని తేలికగా తోసివేయడానికి వీలులేదు.

ముందు వస్తువు సంగతి చూద్దాం. “ఫస్ట్ కాపీ”, “మాస్టర్ కాపీ”, “7ఏ” అనేవి ఏ సంస్థా నిర్ణయించిన తరగతులు కావు. నకలులో కూడా గొప్పది ఉన్నదనే భ్రమ కలిగించడానికి వర్తకులు పుట్టించిన మాటలు. చవక నకలులో సాధారణంగా బ్యాటరీతో నడిచే మామూలు యంత్రం ఉంటుంది. సెకన్ల ముల్లు క్షణానికొకసారి గెంతుతూ పోతుంది. అది అనుకరించే అసలు గడియారంలోనైతే ముల్లు జారినట్టు సాగుతుంది. డయల్ మీది చిన్న చిన్న వలయాలు చాలాసార్లు కేవలం అలంకారం, వాటి ముళ్ళు కదలవు. నీటిలో తడిసినా చెడదని వెనుక చెక్కి ఉన్న మాటను నమ్మి వజూకు కూర్చున్నవాడికి అద్దంలో ఆవిరి కనబడితే ఆశ్చర్యపడనక్కర లేదు. ఆ రెండున్నర వేలలో యంత్రానికి పోయేది కొంతే. తక్కినది డయల్ మీది పేరుకు కట్టిన ధర.

పేరును దొంగిలించడం ఈ కాలంలో పుట్టిన విద్య కాదు. 18వ శతాబ్దం చివరి భాగంలో లండన్‌కు చెందిన జార్జ్ ప్రయర్ అనే గడియారాల వర్తకుడు తుర్కీ విపణి కోసం, అక్కడివారు చదివే అంకెలతో, గడియారాలు తయారుచేయించి పేరు గడించాడు. ఆ పేరుకున్న గిరాకీ చూసి యూరప్‌లో ఇతరులు తమ సరుకు మీద అదే పేరు చెక్కి అదే విపణికి పంపారు. ఇస్తాంబుల్‌లో కొన్న పెద్దమనిషి చేతికి వచ్చినది ఏదో ఆ పేరు చూసి తేల్చుకోవడం కష్టమైంది. ఇప్పుడు మారినది పరిమాణమే. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ, ఐరోపా సమాజ మేధోసంపత్తి కార్యాలయం కలిసి 2021లో ప్రకటించిన అంచనా ప్రకారం, 2019లో ప్రపంచ వ్యాపారంలో నకిలీ సరుకు వాటా 2.5 శాతం, అంటే 46,400 కోట్ల డాలర్లు.

మన హెచ్.ఎం.టి.కి కూడా ఈ గతి తప్పలేదు. జపాన్‌కు చెందిన సిటిజెన్ సహకారంతో 1961లో బెంగుళూరులో మొదలైన ఆ గడియారాల తయారీ దేశంలో ఇంటింటికీ చేరింది. 2016 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఆ గడియారాల కంపెనీ మూసివేతకు ఆమోదం తెలిపింది. ఆపైన పాత గడియారాల మీద మోజు పెరిగింది. మోజు వెంట మోసమూ వచ్చింది. వేరువేరు గడియారాల భాగాలు కలిపి, కంపెనీ ఎన్నడూ తయారుచేయని రంగుల్లో డయల్‌కు కొత్త పూత వేసి, “పాత హెచ్.ఎం.టి., వాడనిది” అని ఫోన్‌లో బొమ్మ పెట్టి అమ్ముతున్నవారున్నారు. తండ్రి జ్ఞాపకంగా అటువంటిది కొన్న కొడుకు మోసపోయినట్టే. ఇక్కడ తీర్పు సులభం. దైవప్రవక్త (స) మదీనా బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలిన సంగతి సహీహ్ ముస్లింలో ఉన్నది. వర్షానికి తడిసిందని వర్తకుడు చెప్పగా, ఆ తడిసినదాన్ని జనం చూసేటట్లు పైన ఎందుకు ఉంచలేదని ఆయన నిలదీశారు. మోసగించేవాడు తనవాడు కాడని స్పష్టం చేశారు. పూత వేసిన డయల్ ఆ రాశి పైభాగమే.

చూడకుండా కొనడం మాటేమిటి? ఫోన్ ద్వారా బేరమే చెల్లదని కొందరు పెద్దలు అనుకుంటారు. అది సరికాదు. దూరాన ఉన్న ఇద్దరు ఆధునిక సాధనాల ద్వారా చేసుకునే ఒప్పందాల గురించి జెద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 1990లోనే తీర్మానించింది. ఒకరి ప్రతిపాదన రెండవవారికి చేరి, వారు అంగీకరిస్తే ఒప్పందం కుదిరినట్టే. నికాహ్ వంటి కొన్నింటికి మాత్రం మినహాయింపు ఉన్నది. చూడని వస్తువు విషయంలో ఇమామ్ షాఫయీ తుది అభిప్రాయం కఠినమైనది: అటువంటి అమ్మకమే చెల్లదు. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ మార్గం అమ్మకాన్ని అంగీకరించి, కొన్నవాడికి “ఖియారె రూయత్” అనే హక్కు ఇస్తుంది. అంటే వస్తువును కంటితో చూసిన తరువాత ఉంచుకోవడమో తిరిగి ఇవ్వడమో అతని ఇష్టం. చూడకముందే “నాకు సమ్మతమే” అని చెప్పినా ఈ హక్కు పోదని హనఫీ పండితులు వ్రాశారు. “వాపసు తీసుకోబడదు” అని బొమ్మ కింద వ్రాసి పెట్టే వర్తకులు ఈ సంగతి గమనించవలసి ఉన్నది.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. అన్నీ చెప్పి అమ్మినవాడు, అన్నీ తెలిసి కొన్నవాడు. ఈ ఇద్దరి మధ్య మోసం లేదన్న మాట నిజమే. కాని ఈ బేరంలో ఉన్నది ఇద్దరే కాదు. మొదట, ఆ పేరు ఎవరిదో వారున్నారు. 1988లో కువైట్‌లో సమావేశమైన అదే అకాడమీ ఈ విషయం చర్చించింది. వ్యాపార నామం, వ్యాపార చిహ్నం, గ్రంథరచన, నూతన ఆవిష్కరణ వంటివి వాటి యజమానుల సొంత హక్కులనీ, నేటి వాడుకలో వాటికి ధనరూపమైన విలువ ఏర్పడిందనీ, షరీఅత్ వాటిని గుర్తిస్తుందనీ, వాటిని ఆక్రమించరాదనీ తీర్మానించింది. “స్విట్జర్లాండు కోటీశ్వరుడికి నష్టమేమిటి?” అని అడిగేవారుంటారు. సొత్తు ధనికుడిదైనంత మాత్రాన దొంగతనం ధర్మం కాదు గదా!

రెండవవాడు అల్లుడు. అతనితో ఎవరూ “ఇది కాపీ” అని చెప్పలేదు. పెట్టె తెరిచి చూసిన బంధువులతోనూ చెప్పలేదు. చెప్పే ఉద్దేశమే ఉంటే రోలెక్స్ పేరున్న గడియారం ఎందుకు? ఏడాది తరువాత అతడు దాన్ని బాగుచేయించడానికి పట్నంలో దుకాణానికి తీసుకుపోయినప్పుడు, వెనుక మూత తీసిన పనివాడి నోట ఆ మాట వింటాడు. తలవంపులు పడేది అమ్మినవాడికి కాదు, అత్తగారింట్లో ఉన్న పిల్లకు. వర్తకుడు కొన్నవాడికి నిజం చెప్పాడు. డయల్ మాత్రం తక్కిన వారందరికీ అబద్ధం చెబుతూనే ఉన్నది. ఆ అబద్ధం కోసమే డబ్బిచ్చి కొన్నారు. తద్లీస్ అంటే లోపాన్ని కప్పిపెట్టి మంచిదన్నట్టు చూపడం. అది చేయి మారింది గాని పోలేదు. అయితే తప్పంతా తండ్రి నెత్తిన వేయడమూ న్యాయం కాదు. జోడా డబ్బులు, జహేజ్, దాని పైన పేరున్న గడియారం అని లెక్క కట్టేవారు లేకపోతే, అతడు ఈ నకలు వెదుకులాటకు దిగేవాడే కాడు.

దేశ చట్టం కూడా ఇంచుమించు ఇదే గీత గీసింది. 1999 వ్యాపార చిహ్నాల చట్టం ప్రకారం తప్పుడు చిహ్నం వేసినవారికీ, అటువంటి సరుకు అమ్మినవారికీ, అమ్మకానికి ఉంచుకున్నవారికీ ఆరు నెలల నుండి మూడేండ్ల వరకు ఖైదు, 50 వేల నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. “కాపీ అని చెప్పే అమ్మాను” అన్నంత మాత్రాన అమ్మినవాడు బయటపడడు. తన వాడుకకు కొన్నవాడికి ఈ శిక్షలు వర్తించవు.

అసలని నమ్మి నకలు కొన్నవారి దారి వేరు. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆన్‌లైన్ వేదికల మీద అమ్మేవారి పేరు, చిరునామా, సరుకు తయారైన దేశం, వాపసు షరతులు కొనేవారికి కనబడాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలిపి, నెలలోగా పరిష్కరించాలి. చిరునామా లేకుండా కేవలం వాట్సాప్ నంబరుతో అమ్మేవాడి దగ్గర ఇవేవీ ఉండవు. ఆ లేకపోవడమే మొదటి హెచ్చరిక. వినియోగదారుల ఫిర్యాదుకు 1915 నంబరు ఉన్నది. ముందే డబ్బు పంపి పార్సిల్ రాకపోతే ఆలస్యం చేయక 1930కు ఫోన్ చేయాలి. 2019 వినియోగదారుల చట్టం వచ్చాక, అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా, కొన్నవాడు తాను నివసించే ప్రాంతపు జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చును. రసీదు, సందేశాలు, పార్సిల్ విప్పుతూ తీసిన వీడియో భద్రపరచుకోవాలి. కాపీ అని తెలిసి కాపీ ధర ఇచ్చినవాడు మాత్రం, అసలు అందలేదని ఎక్కడా మొరపెట్టుకోలేడు.

అంతే సొమ్ముకు టైటాన్ కంపెనీ వారి సొనాటా గడియారం గ్యారంటీతో వస్తుంది. నకలు ఇప్పటికే కొని పెట్టెలో దాచి ఉంచిన తండ్రికి మిగిలినది ఒక పని: పెండ్లికి ముందే వియ్యంకుడికి అదేమిటో చెప్పడం.