పికప్‌లో ఏసీ చల్లబడకుంటే ముందు దుమ్ము చూడాలి, తర్వాతే గ్యాస్

ఎండలు ముదిరేసరికి పికప్ బండ్లున్న రైతులకు ఏసీతో తంటా మొదలవుతుంది. నిన్నటిదాకా చల్లగా వచ్చిన గాలి ఇవాళ గోరువెచ్చగా వస్తుంది. షెడ్డుకు తీసుకుపోతే తరచుగా వినిపించే మాట ఒకటే: ''గ్యాస్ అయిపోయింది, నింపాలి''. నింపించుకుని డబ్బు కట్టి వస్తారు. నెలో రెండు నెలలో బాగానే ఉంటుంది, మళ్లీ మామూలే. బండి వాయిదాలు, డీజిలు, టైర్లు పోను మిగిలేదే కొంచెం. అందులోంచి ఏటా ఈ ఖర్చు పెట్టే ముందు ఏసీ ఎలా పనిచేస్తుందో కాస్త తెలుసుకోవడం మంచిది.

ఏసీ గ్యాస్ డీజిలులా ఖర్చయ్యే సరుకు కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ మళ్లీ మళ్లీ తిరుగుతుంటుంది. రబ్బరు గొట్టాల గుండా ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగ్గడం సహజమే గానీ, ఏటా ఖాళీ కావడం సహజం కాదు. అలా అవుతోందంటే ఎక్కడో కారుతున్నట్టే. కారే చోటు మూయకుండా గ్యాస్ నింపడమంటే గండి పూడ్చకుండా చెరువుకు నీళ్లు పెట్టడమే.

చల్లదనం ఎలా వస్తుంది?

మట్టికుండలో నీళ్లు చల్లబడడం అందరికీ తెలిసిందే. కుండ గోడలోంచి ఊరిన నీరు ఆవిరవుతూ కుండలోని వేడిని లాక్కుపోతుంది. ఏసీ చేసేదీ ఇదే. కాకపోతే ఆవిరైన దాన్ని గాల్లో కలిసిపోనీయకుండా పట్టి, మళ్లీ ద్రవంగా మార్చి వాడుకుంటుంది. మన బండ్లలో ఎక్కువగా ఉండేది ఆర్-134ఎ అనే గ్యాస్. ఒత్తిడి లేకుండా బయట వదిలితే ఇది సున్నాకు 26 డిగ్రీలు దిగువనే మరిగిపోతుంది.

ఇంజను బెల్టుతో తిరిగే కంప్రెసర్ ఈ గ్యాస్‌ను ఒత్తుతుంది. ఒత్తిడికి వేడెక్కిన గ్యాస్ రేడియేటర్ ముందుండే కండెన్సర్‌లోకి పోయి, అక్కడ గాలికి వేడి వదిలి ద్రవమవుతుంది. ఆ ద్రవం సన్నటి రంధ్రమున్న వాల్వు గుండా డాష్‌బోర్డు వెనకనున్న కూలింగ్ కాయిల్‌లోకి చేరి ఆవిరవుతుంది. ఆవిరయ్యేటప్పుడు క్యాబిన్ గాలిలోని వేడిని పీల్చుకుంటుంది. బ్లోయర్ ఆ చల్లగాలిని మన మీదికి తోలుతుంది. అంటే క్యాబిన్‌లోని వేడిని ఎత్తి బయట పారబోయడమే ఏసీ పని. బయట పారబోసే దారి మూసుకుపోతే గ్యాస్ నిండుగా ఉన్నా చల్లదనం రాదు.

మొదట కండెన్సర్

పొలం పనులకు తిరిగే బండికి ఈ దారి తొందరగా మూసుకుంటుంది. పత్తి తోలితే దూది, గడ్డి తోలితే పొట్టు, డొంక దారుల్లో తిరిగితే మట్టి, రాత్రిపూట ప్రయాణాల్లో పురుగులు కండెన్సర్ రేకుల మధ్య చిక్కుకుంటాయి. బానెట్ తెరిచి టార్చిలైటు వేసి చూస్తే తెలుస్తుంది. కండెన్సర్‌కు, రేడియేటర్‌కు మధ్య సందులో కూడా చెత్త పేరుకుంటుంది. అక్కడా చూడాలి.

ఇంజను ఆపి, పూర్తిగా చల్లారాక, మామూలు నీటి పైపుతో కడగాలి. వీలున్న చోట లోపలి వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టాలి. సర్వీసింగ్ గన్నుతో దగ్గర నుంచి కొడితే పల్చటి రేకులు వంగి గాలి దారి ఇంకా మూసుకుంటుంది. ఇనుప బ్రష్షు అసలు వాడకూడదు. అందం కోసం ముందు జాలీకి అడ్డంగా కట్టిన బోర్డులు, రేకులు ఉంటే తీసేయాలి.

ఆ తర్వాత క్యాబిన్ ఫిల్టరు. ఇది ఉన్న బండ్లలో సాధారణంగా ఎడమ సీటు ఎదుట ఉండే డాష్‌బోర్డు అర వెనక ఉంటుంది. ఇది మూసుకుపోతే స్ప్రేయరు నాజిల్‌లో నలుసు పడినట్టే. లోపల అన్నీ బాగున్నా గాలి బయటికి రాదు. దులపాలి, మరీ పాడైతే మార్చాలి.

లక్షణాన్ని బట్టి లోపం

గాలే రాకపోతే: బ్లోయర్ ఫ్యూజు, మోటారు చూడాలి. బ్లోయర్ చివరి స్పీడులో మాత్రమే తిరుగుతుంటే స్పీడు తగ్గించే రెసిస్టరు కాలిపోయి ఉండొచ్చు. దీనికీ గ్యాస్‌కూ సంబంధం లేదు.

బండి పరుగెత్తేటప్పుడు చల్లగా, ఆగితే వెచ్చగా వస్తుంటే: ఇది కండెన్సర్‌కు గాలి చాలని లక్షణం. పరుగులో ఎదురుగాలి సరిపోతుంది. ఆగినప్పుడు ఫ్యానే దిక్కు. కరెంటు ఫ్యాను ఉంటే దాని ఫ్యూజు, రిలే, మోటారు చూడాలి. ఇంజనుతో తిరిగే ఫ్యాను అయితే అది జారుతోందేమో చూడమనాలి.

గాలి జోరుగా ఉన్నా చల్లగా లేకపోతే: ఏసీ మీట వేయగానే కంప్రెసర్ దగ్గర 'టక్'మన్న శబ్దం రావాలి. క్లచ్ ఉన్న బండ్లలో కప్పీ మీది ముందు బిళ్ల కూడా తిరగాలి. దూరం నుంచే చూడాలి. లుంగీ, కండువా బెల్టుకు తగలకుండా జాగ్రత్తపడాలి. బిళ్ల తిరగకపోతే ఫ్యూజు, రిలే, వైర్లు, క్లచ్, ప్రెషర్ స్విచ్ చూపించాలి. గ్యాస్ బాగా తగ్గినా ఈ స్విచ్ కంప్రెసర్‌ను తిరగనివ్వదు. బిళ్ల తిరిగినా చల్లదనం లేకపోతే గ్యాస్ తక్కువో, కంప్రెసర్ అరిగిపోయిందో మీటరు పెట్టి తేల్చాలి.

గంటసేపు బాగుండి, తర్వాత గాలి సన్నబడితే: కూలింగ్ కాయిల్ మీద మంచు కట్టిందని అనుమానించాలి. ఏసీ ఆపి బ్లోయర్ మాత్రం పావుగంట తిప్పితే మంచు కరిగి, గాలి మళ్లీ జోరందుకుంటుంది. కాయిల్ మరీ చల్లబడకుండా ఆపే సెన్సార్ చెడినా, ఫిల్టరు మూసుకున్నా, గ్యాస్ తగ్గినా ఇలా జరుగుతుంది.

కాసేపు చల్లగా, కాసేపు వెచ్చగా మార్చి మార్చి వస్తుంటే: గొట్టాల్లో చేరిన తేమ సన్నటి వాల్వు దగ్గర గడ్డకట్టి దారి మూస్తుండవచ్చు. డ్రయ్యర్ మార్చి, తేమ అంతా లాగించాలి.

కాళ్ల దగ్గర నీళ్లు చేరితే: కాయిల్ మీద పట్టిన చెమ్మ బయటికి పోయే సన్న గొట్టం మట్టితో పూడిపోయినట్టు. దాన్ని శుభ్రం చేయిస్తే చాలు. బండి కింద నీటిచుక్కలు పడడం మాత్రం లోపం కాదు, ఏసీ పనిచేస్తోందనడానికి గుర్తు.

ఇంజను వేడి ముల్లు పైకి పోతే: లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు ఏసీ ఆపేయాలి. కంప్రెసర్ ఇంజను బలాన్ని కొంత తీసుకుంటుంది, కండెన్సర్ వదిలిన వేడిగాలే రేడియేటర్‌కు తగులుతుంది. కొన్ని బండ్లలో ఇంజను బాగా వేడెక్కితే ఏసీ దానంతటదే ఆగిపోతుంది. అప్పుడు వైద్యం ఏసీకి కాదు, రేడియేటర్‌కు. వేడి మీద రేడియేటర్ మూత తీయరాదు.

గ్యాస్ నిజంగా తగ్గితే

పైవన్నీ సరిగా ఉన్నాకే గ్యాస్ సంగతి. గొట్టాల అతుకుల దగ్గర, కంప్రెసర్ ముందు భాగంలో, కండెన్సర్ మూలల్లో నూనె జిడ్డు, దాని మీద మట్టి పట్టి ఉంటే కారేది అక్కడే అయి ఉండొచ్చు. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా తిరుగుతుంది కాబట్టి కారిన చోట ఈ గుర్తు మిగులుతుంది. పెద్ద లీకు సబ్బు నురగతో తెలుస్తుంది. సన్నటి లీకుకు నైట్రోజన్ నింపి ఒత్తిడి నిలుస్తుందో లేదో చూడడం, రంగు ఎక్కించి లైటు వేసి వెతకడం వంటి పద్ధతులున్నాయి. చాలాసార్లు లోపం చిన్న రబ్బరు రింగులోనో, గ్యాస్ ఎక్కించే పిన్ను వాల్వులోనో బయటపడుతుంది.

డబ్బు కట్టే ముందు మెకానిక్‌ను ఈ నాలుగు మాటలు అడగాలి:

1. లీకు ఎక్కడ దొరికింది? చూపించు.

2. విప్పి బాగు చేశాక వాక్యూమ్ ఎంతసేపు పెడతావు? అరగంటకు తగ్గకూడదు. గొట్టాల్లోని గాలి, తేమ పోవాలంటే ఇది తప్పదు.

3. గ్యాస్ తూకం వేసి ఎక్కిస్తావా? ఎన్ని గ్రాములు పట్టేదీ చాలా బండ్లలో బానెట్ కింద చీటీ మీద ఉంటుంది. ఎక్కువ నింపినా చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పడుతుంది.

4. కారిన నూనె తిరిగి పోశావా? నూనె చాలకపోతే కంప్రెసర్ పట్టేస్తుంది. అప్పుడయ్యే ఖర్చు ముందు గ్యాస్ ఖర్చు లెక్కలోకే రాదు.

చవకగా వస్తుందని వంటగ్యాస్ లాంటి మండే గ్యాస్ ఎక్కించనివ్వరాదు. లీకైతే క్యాబిన్‌లోనే మంటలు లేవవచ్చు. ఏసీ గొట్టాలను సొంతంగా విప్పరాదు. చిమ్మిన గ్యాస్ కంటికి, చర్మానికి తగిలితే గడ్డకట్టించి పుండు చేస్తుంది.

ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు

మార్కెట్ యార్డు ముందు రాత్రిపూట వరుసలో బండి పెట్టి, అద్దాలు బిగించి, ఇంజను నడుస్తుండగానే ఏసీ వేసుకుని నిద్రపోయేవారున్నారు. ఇది చాలా ప్రమాదం. ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. సైలెన్సరు పైపు పగిలినా, పొగ గోడకు కొట్టుకుని వెనక్కి వచ్చినా అది క్యాబిన్‌లోకి చేరుతుంది. నిద్రలో ఉన్న మనిషికి తెలియకుండానే ప్రాణం పోతుంది. పడుకోవాలంటే ఇంజను ఆపి, అద్దాలు దించి పడుకోవాలి.

రోజువారీ వాడకంలో

ఎండలో నిలిపిన బండి ఎక్కగానే తలుపులు, అద్దాలు తెరిచి రెండు నిమిషాలు వేడిగాలి పోనివ్వాలి. తర్వాత ఏసీ వేసి, లోపలి గాలే తిరిగే మీట నొక్కాలి. దుమ్ము దారిలో, మిర్చి తోలేటప్పుడు ఈ మీట వేసే ఉంచితే ఘాటు, దుమ్ము లోపలికి తక్కువగా వస్తాయి. దూర ప్రయాణంలో మధ్యమధ్య బయటి గాలి రానివ్వాలి.

చలికాలంలోనూ వారానికొకసారి పది నిమిషాలు ఏసీ నడపాలి. నూనె తిరిగి కంప్రెసర్ సీలు తడిగా ఉంటుంది, ఎండి పగలదు. పత్తి సీజన్ అయ్యాక ఒకసారి, మార్చి మొదట్లో ఒకసారి కండెన్సర్ కడుక్కుంటే వేసవిలో షెడ్డు ముందు నిలబడే పని చాలావరకు తప్పుతుంది.